సంతకానికొక బికో పొట్లం

తుగాస్‌బాతో దీవి,
జనవరి ఆఖరి సోమవారం

నా తోడబుట్టిన పెర్పెటువా అక్కకి, నీ లుడివినా ప్రేమతో రాసేది.

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా ఆయనా నేనూ బాగానే ఉన్నాం. బాగాలేనిది నా మనసొక్కటే. మీ మఠంలో ఫోను ముట్టుకోనివ్వరు కాబట్టి నా కోపమంతా కాగితం మీదే పెట్టాలి. ఔను, కోపమే. నా మాట పక్కవాళ్లకి కూడా వినబడదని చిన్నప్పుడు నువ్వు నవ్వేదానివి. యాభై ఏళ్లొచ్చినా నా గొంతు అంతే ఉంది. కోపం మాత్రం పెరిగింది.

నువ్వు వెళ్లాక మొదలైన అలవాటు ఒకటుంది. నెలకోసారి, ఆఖరి ఆదివారం పూజ అయ్యాక, చర్చి పక్కనున్న రేకుల షెడ్డులో దీవి పెద్ద జనంతో కూర్చుంటాడు. ‘ప్రజలతో మాటామంతి’ అని బట్ట మీద రాయించి కడతారు. నీతోపాటు బడికెళ్లిన ఎవారిస్టోనే ఇప్పుడు ఆ పెద్ద, మా కపితాన్. తొమ్మిదేళ్లుగా ఆయనే. చెడ్డవాడని అనను. అందర్నీ పేరు పెట్టి పలకరిస్తాడు, అడిగినదంతా తల వంచి వింటాడు. విని, గుమాస్తా మెర్లిండా వైపు తిరిగి “రాసుకో” అంటాడు. ఆమె రాసుకుంటుంది. అప్పుడు మనవైపు తిరిగి “రాసుకున్నామమ్మా” అంటాడు. దానితో ఆ సంగతికి సమాధి కట్టినట్టే. బడి దగ్గర నీళ్లతొట్టికి మూత కావాలని అడిగిన పిల్లలు ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకున్నారు. మూత రాలేదు. పడవ దిగే మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేక ఇద్దరు ముసలివాళ్లు పడ్డారు. అదీ రాసుకున్నారు. పక్కింటి నింఫా నోటికి అడ్డూ ఆపూ లేదని నీకు తెలుసుగా. “ఆ పుస్తకం పొయ్యిలో పెడితే ఒక పూట అన్నమైనా ఉడుకుతుంది” అని అందరూ వినేలా అంది.

నిన్నటి సమావేశంలో కపితాన్ ఒక పెద్ద రంగుల బొమ్మ విప్పి గోడకి కట్టించాడు. సిమెంటు రేవు, రంగు గొడుగులు, బల్లలు, వాటి మీద తెల్ల టోపీలు పెట్టుకుని నవ్వుతున్న మనుషులు. పర్యాటకుల పడవలు ఆగడానికట. మేమందరం నోళ్లు తెరుచుకుని చూశాం. ఇసియాంగ్ అవ్వ చూపు సరిగా ఆనదు కదా, లేచి బొమ్మ దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూసింది.

“ఇది మన ఆరబోత గట్టు కాదురా ఎవారిస్టో?”

“అవునవ్వా. ఎంత అందంగా ఉంటుందో చూడు.”

“అందం సరే. ఇందులో నాచు ఎక్కడ ఆరుతోంది?”

“దానికి వేరే చోటు చూస్తాం.”

“ఎక్కడ? నీ నెత్తిమీదా?”

జనం నవ్వారు. కపితాన్ కూడా నవ్వాడు. నిజానికి అది నవ్వాల్సిన మాట కాదు. నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ దీవిలో కొబ్బరి నీడ పడకుండా పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎండ కాసేది ఆ ఒక్క గట్టు మీదే. రెండు వైపులా గాలి తగిలేదీ అక్కడే. సముద్రంలో తాళ్లకి కట్టి పెంచిన నాచు మూడు రోజులు అక్కడ పరిస్తేనే ఉప్పు నిలిచి గట్టిగా ఎండుతుంది. నీడలో పరిస్తే మెత్తబడి, తెల్లబడి, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. గట్టు పోతే నలభై ఇళ్ల ఆడవాళ్లకి పని పోయినట్టే. ఇసియాంగ్ అవ్వకైతే ఆ నాచు తిరగేసే పని తప్ప మరో ఆధారమే లేదు.

“మమ్మల్ని అడక్కుండా ఎలా ఇచ్చేస్తావ్ కపితాన్?” అంది నింఫా.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అడక్కుండానా? అక్టోబరులో చెప్పాను కదమ్మా. అందరూ ఒప్పుకున్నారు కదా. ఇదిగో, నూట పన్నెండు సంతకాలు” అని కాగితాలు పైకెత్తి చూపించాడు.

ఆ కాగితాలు నాకు తెలుసు అక్కా. ఎలా తెలుసో రాయబోతే చెయ్యి ఆగిపోతోంది. మళ్లీ రాస్తాను.

నీ చెల్లెలు,
లుడి

•

తుగాస్‌బాతో,
ఫిబ్రవరి, విభూది బుధవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. “దేన్నో దాస్తున్నావు, నుదుటి మీద బూడిద పెట్టించుకునే ముందు అది చెప్పు” అని రాశావు. పొద్దున బూడిద పెట్టించుకునే వచ్చాను. నువ్వు మట్టివి అని ఫాదర్ అన్నప్పుడు, ఔను, మట్టి కంటే హీనం అనిపించింది.

ఆ సంతకాలు సేకరించింది నేనే.

ఆ సమావేశాల్లో మొదటి ప్రార్థన చేసేది నేనే. దానితోపాటు ఫలహారం పని కూడా నాకే అప్పజెప్పారు. జిగురుబియ్యంలో కొబ్బరిపాలూ బెల్లమూ వేసి బికో వండి, అరిటాకు పొట్లాలు కడతాం. మొదట్లో ఎవరికి వాళ్లు తీసుకునేవాళ్లు. కొందరు నాలుగేసి తీసుకుని సంచుల్లో వేసుకునేవాళ్లు, వెనక కూర్చున్న ముసలివాళ్లకి ఖాళీ ఆకులు మిగిలేవి. నాకది చూడబుద్ధి కాలేదు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. హాజరు కాగితం మీద సంతకం చేసినవాళ్లకి ఒక పొట్లం. అందరూ మెచ్చుకున్నారు. కపితాన్ కూడా “లుడివినా చెల్లెమ్మ వచ్చాక క్రమశిక్షణ వచ్చింది” అన్నాడు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో దేవుడికి తెలుసు.

కాలం గడిచేకొద్దీ జనం వస్తూనే సంతకం పెట్టి పొట్లం తీసుకోవడం మొదలుపెట్టారు. మాట మొదలవకముందే సంతకం అయిపోతుంది. పైన ఏముందో ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

అక్టోబరులో ఆ రోజు వాన చెవులు చిల్లులు పడేలా కురిసింది. రేకుల మీద ఆ చప్పుడుకి కపితాన్ పెదాలు కదలడం కనిపించింది తప్ప ఒక్క మాట వినబడలేదు. తీరం బాగుచేయడం గురించి అన్నాడని నింఫా అంది. పొట్లాలు పదకొండు మిగిలాయి. వానకి రాలేకపోయిన ముసలివాళ్లవి. వాళ్లు పస్తుండకూడదని గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పద్ధతి పద్ధతే కదా అని కాగితం కూడా పట్టుకెళ్లాను. ఇసియాంగ్ అవ్వ నులకమంచం మీద కూర్చుని ఉంది. “సంతకమా? నా వేలు తీసుకోవే, నాకెందుకు” అంది. ఆమె బొటనవేలు నేనే పట్టుకుని, సిరా అద్ది, కాగితం మీద నొక్కాను. నొక్కి, పొట్లం విప్పి నోటికందించాను. నా మంచితనానికి నేనే మురిసిపోతూ ఇంటికొచ్చాను.

ఆ వేలిముద్ర ఇప్పుడు ఆమె గట్టుని పట్టుకుపోతోంది అక్కా. ఎవారిస్టో మోసం చేశాడని జనం అంటున్నారు. నా పేరు ఒక్కరూ అనడం లేదు. ప్రార్థన చేసే ఆడదాన్ని ఎవరు అనుమానిస్తారు? అదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

మొన్న కపితాన్ ఇంటికి వెళ్లాను. అన్నం తింటున్నాడు. “ఆ సంతకాలు హాజరుకి పెట్టినవే, ఒప్పుకోలుకి కాదు అన్నా” అని చెప్పాను.

“హాజరైతే విన్నట్టే కదా చెల్లెమ్మా. విని, ఎవరూ కాదనలేదు.”

“వానకి వినబడలేదు.”

“సరే, వచ్చే మాటామంతిలో అడుగు. పట్టణం నుంచి ఆఫీసరు కూడా వస్తున్నాడు. కార్యక్రమం కాగితంలో ఇతర విషయాలు అని ఉంటుంది, దాని కింద రాయిస్తాను.”

ఇతర విషయాలు! అది అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. అప్పటికి జనం లేచిపోతారు, పడవవాడు ఆటుపోట్లని తొందరపెడతాడు, ఆఫీసరు వాచీ చూసుకుంటాడు. తొమ్మిదేళ్లలో ఇతర విషయాలకి జవాబొచ్చిన రోజు ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన వల అల్లుతూ తలెత్తకుండా అన్నాడు: “అందరికన్నా ముందు మాట్లాడేది నువ్వే కదా. ఆఖరుదాకా ఎందుకు ఆగడం?”

రెండు రోజులుగా ఆ మాటే చెవిలో తిరుగుతోంది. తప్పో ఒప్పో నువ్వు జవాబు రాసేలోపు ఆదివారం వచ్చేస్తుంది.

నీ లుడి

•

తుగాస్‌బాతో,
ఫిబ్రవరి ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం

అక్కా,

షెడ్డు నుంచి నేరుగా వచ్చి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

నా దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది. సమావేశంలో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఇంటికొచ్చి అందులో రాసుకుని, జపమాల చెప్పేటప్పుడు వాళ్ల కోసం ప్రార్థిస్తాను. మెర్లిండా పుస్తకంలాంటిదే నాదీ. తేడా ఏమిటంటే నేను రోజూ తెరుస్తాను. ఇవాళ దాన్ని చేతిలో పట్టుకుని వెళ్లాను.

ఇస్త్రీ చొక్కా ఆఫీసరు ముందు వరుసలో కూర్చున్నాడు. కపితాన్ “ప్రార్థనకి లేవండి” అన్నాడు. అందరూ లేచారు, టోపీలు తీశారు. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. ఎప్పటిలాగే రెండు ముక్కల్లో ముగిస్తానని అందరి ఆలోచన. నేను పుస్తకం తెరిచాను.

“ప్రభువా, బడి దగ్గర నీళ్లతొట్టికి మూత కోసం ఏడేళ్లుగా అడుగుతున్నాం. నీ సన్నిధిలో పెడుతున్నాం.”

పూజలో అలవాటు కదా, జనం ఒక్క గొంతుతో, “ప్రభువా, మా మొర ఆలకించుము” అన్నారు. కపితాన్ కూడా అన్నాడు. అనక తప్పుతుందా?

“ప్రభువా, పడవ మెట్లకి కమ్మీ కోసం. అక్కడ పడి తుంటి విరిగిన మా పురో మామ కోసం.”

“ప్రభువా, మా మొర ఆలకించుము.”

“నెలకి రెండుసార్లు వస్తానని చెప్పి మూడు నెలలకోసారి వచ్చే మంత్రసాని కోసం.”

“ప్రభువా, మా మొర ఆలకించుము!”

గొంతులు పెరిగాయి. పన్నెండో విన్నపం దగ్గర ఆఫీసరు కాలు మార్చి నిలబడ్డాడు. ఇరవయ్యో దగ్గర మెర్లిండా కపితాన్ చొక్కా లాగింది. ఆయన కళ్లు తెరిచి నావైపు చూశాడు, నేను చూడనట్టు ఉన్నాను. సిలువ గుర్తు వేసి ముగించేదాకా మా దీవిలో ఎవరూ కూర్చోరు, ఎవరూ అడ్డు రారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ముప్పై నాలుగు విన్నపాలు చదివాను. ఆ తర్వాత పుస్తకం మూశాను.

“ప్రభువా, ఆరబోత గట్టు ఇచ్చేశామని నూట పన్నెండు సంతకాలున్నాయి. అవి ఒప్పుకోలు కాదు, బికో పొట్లాల కోసం పెట్టినవి. ఆ పద్ధతి పెట్టింది నేను. వానలో పదకొండు ఇళ్లు తిరిగి, ఏం రాసుందో చదవకుండా వేళ్లు పట్టుకుని ముద్రలు వేయించిందీ నేనే. నన్ను క్షమించు. ఇక్కడున్నవాళ్లని నన్ను క్షమించమను.”

ఎవరూ మొర ఆలకించుము అనలేదు. గోడ మీద బొమ్మ గాలికి టపటపమని కొట్టుకుంది. అప్పుడు వెనకనుంచి ఇసియాంగ్ అవ్వ గొంతు వచ్చింది.

“ప్రభువా, మా మొర ఆలకించుము! గట్టిగా చెప్పవే పిల్లా, ఆయనకి కూడా నాలాగే వయసు మీద పడిందేమో!”

జనం నవ్వూ ఏడుపూ కలిపి ఆ మాట అందుకున్నారు. నేను సిలువ గుర్తు వేశాను.

ఆపైన జరిగింది తక్కువే. ఆఫీసరు హాజరు కాగితం అడిగాడు. ఖాళీగా ఉంది. బల్ల మీద పొట్లాల వాసన షెడ్డంతా నిండింది. ఒక్కరూ కలం ముట్టుకోలేదు. “ఉపవాస కాలం కదండీ” అంది నింఫా ఆఫీసరుతో, ఎంతో వినయంగా. ఆయన సంచి సర్దుకుని పడవెక్కాడు. కపితాన్ నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

గెలిచానని జనం అంటున్నారు. నాకలా అనిపించడం లేదు. ప్రార్థనలో దేవుడితో మాట్లాడానా, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మాట్లాడానా? ఇది పాపమైతే రాసెయ్. మెత్తగా రాయకు.

నీ లుడి

•

తుగాస్‌బాతో,
మార్చి, మూడో శనివారం

అక్కా,

నీ జవాబు రాకముందే నాకు జవాబు దొరికింది. ఇచ్చింది ఎవారిస్టో.

మాటామంతి అయిన రెండో రోజు, మంగళవారం పొద్దున్నే వచ్చాడు. నేను తాళ్లకి నాచు మొలకలు కడుతున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

“తొమ్మిదేళ్లు నన్ను అన్నా అని పిలిచావ్. ఇంత కడుపులో పెట్టుకుని ఒక్కసారైనా చెయ్యెత్తి అడిగావా?”

“అడిగితే రాసుకున్నాం అంటావు కదా అన్నా.”

“అంటాను. నువ్వు చేసిందేమిటి మరి? తల వంచి నిలబెట్టి, మొర ఆలకించుము అనిపించావ్. నాకు జవాబు చెప్పే సందు ఇచ్చావా? నేను మిమ్మల్ని మాట్లాడనివ్వనని అంటున్నావ్. నన్నూ మాట్లాడనివ్వలేదు నువ్వు.”

నా చేతిలో ముడి జారిపోయింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం వెతికాను. దొరకలేదు.

అప్పుడు కూర్చున్నాడు. పట్టణంలో మేయరు దగ్గర ఇలాంటి సమావేశమే కపితాన్లందరికీ ఉంటుందట. గుమ్మం దగ్గర సంతకం చేస్తే భోజనం చీటీ ఇస్తారట. “నీళ్లతొట్టి మూత నేను అయిదుసార్లు అడిగాను లుడీ. అక్కడా రాసుకుంటారు. రేవు కాగితం కూడా ఆ భోజనాల దగ్గరే వచ్చింది. నేనూ చదవలేదు” అన్నాడు. అంటూ తలొంచుకున్న ఆ మనిషి మీద ఏం కోపం పడను? అయినా పడ్డాను. “చదవకుండా మా గట్టు ఇచ్చేసి, మళ్లీ మేం ఒప్పుకున్నామని అంటావా?” అన్నాను. పక్కింట్లోకి వినబడేంత గట్టిగా అన్నానట. నింఫా కంచె మీదనుంచి తల పెట్టి, “ఎవరది, లుడివినాయేనా?” అంది.

గురువారం ఆ మేయరు సమావేశానికి ఆయనతో పట్టణం వెళ్లాం, నేనూ, నింఫా, ఇసియాంగ్ అవ్వా. అలలకి దారంతా వాంతులు. గుమ్మం దగ్గర అమ్మాయి కలం అందిస్తే ఎవారిస్టో ముందు కాగితం పైభాగం చదివాడు. తాపీగా, వేలు పెట్టి చదివాడు. వెనక వరుస కట్టిన కపితాన్లు “ఏంటి బాబూ, పరీక్ష రాస్తున్నావా?” అని విసుక్కున్నారు. సంతకం చేయకుండా లోపలికి నడిచాడు. మా నలుగురికీ ఆ పూట భోజనం లేదు.

రెండు గంటలు చప్పట్లూ ఉపన్యాసాలూ విన్నాం. నేను చెయ్యెత్తాను. దించమన్నారు. దించి, మళ్లీ ఎత్తాను. ఎడంచెయ్యి నొప్పెడితే కుడిచెయ్యి. చివరికి మన ఇస్త్రీ చొక్కా ఆఫీసరు “ఆ ప్రార్థనావిడకి మైకివ్వండి, తొందరగా” అన్నాడు. కళ్లు మూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది అక్కా. మూసుకుంటే మాట వస్తుందని తెలుసు. తెరిచే ఉంచాను. గట్టు సంగతి చెప్పాను, సంతకాలు నేనెలా తెచ్చానో చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్లీ అందుకున్నాను.

“నమోదు చేసుకున్నామమ్మా” అన్నాడు.

“ఏమని చేసుకున్నారో చదవండి సార్.”

నవ్వాడు. నేను నవ్వలేదు. కాగితం చూసి చదివాడు: “తుగాస్‌బాతో మహిళ, సూచన.”

“సూచన కాదు సార్. ఆ కాగితం చెల్లదని చెప్పాను. అలాగే రాయండి.”

“తర్వాత రాస్తాం.”

“మా పడవకి ఇంకా టైముంది. నిలబడతాను.”

నిలబడ్డాను. నా పక్కన ఎవారిస్టో లేచి నిలబడ్డాడు. అవ్వ నింఫా భుజం పట్టుకుని లేచింది. ఇంకో దీవి కపితాన్ ఎవరో, మాకు పేరు కూడా తెలియదు, ఆయనా లేచాడు. ఆఫీసరు రాశాడు. చదివి వినిపించాడు. రాసింది నా కళ్లతో చూసి కూర్చున్నాను.

ఏం సాధించావు అంటే, ఇంతే. గట్టు మిగిలిందని చెప్పలేను. రేవు పని ఆపారు, వర్షాలదాకా. ఈలోపు మళ్లీ జనాన్ని అడుగుతారట, ఈసారి గట్టు మీదే, నాచు ఆరబోసే వేళ. మళ్లీ ఎంత విసిగిస్తారో, ఎన్నిసార్లు తిప్పుతారో తెలియదు. తలుచుకుంటేనే అలసటగా ఉంది.

నీ ఉత్తరం నిన్న అందింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నావు, కానీ అబద్ధం చెప్పలేదు, ఇక అడ్డం లేకుండా చెప్పు అని రాశావు.

నిన్న సాయంత్రమే ఎవారిస్టో వచ్చి, “గట్టు మీద జనాన్ని అడిగే రోజు ప్రార్థన నువ్వే చెయ్యాలి చెల్లెమ్మా, ఎంత పొడుగైనా సరే” అన్నాడు.

“వద్దన్నా. ప్రార్థనకి వేరే ఎవరినైనా చూసుకో. నేను అడిగేవాళ్లలో కూర్చుంటాను” అన్నాను.

నీ చెల్లెలు,
లుడివినా